గురివింద కాయ విచ్చుకునేదాకా: కంచె మీద పెంచడం, కొమ్మ ఎండబెట్టడం, ఇంట్లో జాగ్రత్తగా నిలుపుకోవడం

గురివింద అనగానే చాలామందికి గింజలే గుర్తొస్తాయి. అరచేతిలో పోసుకుంటే మెరిసే ఎర్రటి గింజలు, ఒక్కోదానికి ఒక నల్లటి మచ్చ. నాకు మాత్రం కాయ గుర్తొస్తుంది. మాఘమాసంలో ఆకు పల్చబడిన కంచె మీద ఎండి, అంచులు మెలితిరిగిన గోధుమరంగు కాయల గుత్తి ఒకటి వేలాడుతుంటుంది. ప్రతి కాయా రెండు పలకలుగా విచ్చుకొని, లోపల నాలుగైదు గింజలను జారనీయకుండా పట్టుకొని ఉంటుంది. అంత చక్కటి గుత్తి కనబడగానే గింజలు దులిపి డబ్బాలో పోసుకునేవారిని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. దులిపాక మిగిలేది ఒట్టి గింజ. అలంకారమంతా ఆ విచ్చిన కాయలోనే ఉంది.

‘గురివింద తన కింది నలుపు ఎరుగదు’ అంటారు కదా, ఆ నలుపు ఎక్కడ ఉంటుందో కాయను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. గింజ కాయకు అతుక్కొని ఉండే చోటు చుట్టూనే ఆ మచ్చ. అందుకే విచ్చిన కాయలో ఎరుపంతా మనవైపు తిరిగి, నలుపు కాయ అంచున సగం దాక్కొని ఉంటుంది. సామెత పుట్టించినవారు గింజను డబ్బాలో కాక తీగ మీదే చూశారని నా నమ్మకం.

ఈ తీగను విత్తడం మొదలుకొని, కాయల కొమ్మను ఎండబెట్టి గదిలో పెట్టుకోవడం దాకా ఏం చేయాలో వరుసగా చెబుతాను. అయితే విత్తనం గురించి మాట్లాడే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది.

పెంచాలా, వద్దా?

గురివింద గింజ విషం. మాట వరసకు అంటున్నది కాదు, నిజంగానే ప్రాణాలు తీయగల విషం. దానిలో అబ్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది శరీరంలోని కణాల్లోకి చేరి, అవి కొత్త ప్రోటీన్లు తయారుచేసుకునే పనిని ఆపేస్తుంది. ఆముదం గింజలో ఉండే రైసిన్ కూడా ఈ కోవకు చెందినదే. అబ్రిన్‌కు విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో చేయగలిగింది లక్షణాలను అదుపులో పెడుతూ శరీరం తట్టుకునేలా చూడటమే.

గింజ పైతోలు చాలా గట్టిది. చెక్కుచెదరని, బాగా పండిన గింజను మింగితే చాలాసార్లు అది అరగకుండానే బయటికి వచ్చేస్తుంది. కొరికిన గింజ, నమిలిన గింజ, సూదితో గుచ్చిన గింజ, నూరిన గింజ మాత్రం అలా కాదు. ఇంకా పండని పచ్చికాయలోని గింజకు తోలు మెత్తగా ఉంటుంది కాబట్టి దానితో ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే ఇంట్లో ఏది కనబడితే అది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఈ తీగ వద్దు. పెంపుడు కుక్క ఉన్నా, గేదెలూ మేకలూ మేసే వైపు కంచె ఉన్నా వద్దు. ఈ విషయంలో నేను మొహమాటపడను. ‘ఎత్తుగా పెడతాం లెండి’ అన్నవారికి కూడా ఇదే చెబుతాను, ఎందుకంటే తీగ ఎత్తున ఉన్నా గింజ నేల మీదికే రాలుతుంది.

ఎవరైనా గింజ మింగారని తెలిస్తే, నమిలారో లేదో అని తర్కించుకుంటూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు అదే రకం గింజ ఒకటి కాగితంలో చుట్టి తీసుకెళితే వైద్యులకు పని తేలికవుతుంది. వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు, ఒక్కోసారి రోజు దాటాక కూడా మొదలుకావచ్చు. మనిషి మామూలుగా ఉన్నాడని ఇంట్లో ఆగిపోవద్దు.

ఆయుర్వేదం దీన్ని ఉపవిషాల్లో లెక్కించి, శుద్ధి చేయనిదే వాడకూడదని చెప్పింది. ఆ శుద్ధి శిక్షణ ఉన్నవారి పని, మన వంటింటి పని కాదు. గింజలతో దండలు గుచ్చడం కూడా మానుకోవాలి. సూది దిగిన ప్రతిచోటా ఆ గట్టి తోలుకు కన్నం పడుతుంది. ఆ కన్నం లోనుంచి పొడి రాలుతుంది, నోటి తడి లోపలికి పోతుంది. 2011లో బ్రిటన్‌లో ఈ గింజలతో చేసిన చేతి గొలుసులను వేల సంఖ్యలో అమ్మినవారే, విషయం తెలిశాక వాటిని వెనక్కి ఇచ్చేయమని కొన్నవారిని కోరాల్సి వచ్చింది. మట్టి వినాయకుడికి కళ్లుగా రెండు గింజలు అద్దడం వేరు, పిల్ల మెడలో దండ వేయడం వేరు. కళ్లకు పెట్టిన రెండు గింజలనైనా నిమజ్జనానికి ముందు లెక్కచూసి తీసేయడం మంచిది.

వద్దనుకున్నవారు నిరాశపడనక్కర్లేదు. బండి గురివింద ఉంది. అది తీగ కాదు, పెద్ద చెట్టు. చాలా ఊళ్లలో ఉద్యానవనాల్లో, రోడ్ల పక్కన పెంచుతారు. దాని కాయ సన్నగా పొడుగ్గా ఉండి, పండి విచ్చుకున్నాక స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. గింజలు నల్లమచ్చ లేకుండా పూర్తిగా ఎర్రగా ఉంటాయి. వాటిలో అబ్రిన్ ఉండదు. తినే గింజలు కావు గానీ గురివిందంత ప్రమాదం లేదు. కాయలు చెట్టు కిందే దొరుకుతాయి, ఏరుకోవడమే. ఇంకా తేలికైనది కావాలంటే రోడ్డు పక్క బీడులో తుత్తురబెండ చూడండి. పసుపు పువ్వు, దాని తర్వాత చక్రంలా గుండ్రంగా, అంచున పళ్లున్న కాయ. నల్లబడి ఎండినప్పుడు ఒక కొమ్మ కోసి సీసాలో పెడితే ఏడాది నిలుస్తుంది. దాన్ని కలుపు మొక్క అని ఎవరూ పట్టించుకోరు, నాకది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఇంతా చదివి కూడా గురివిందే కావాలనుకున్నవారు కిందికి రండి.

గింజ తెచ్చుకోవడం

రిజర్వు అడవిలోకి వెళ్లి తీగ కోసుకురావద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏది తెచ్చినా తప్పే, పైగా అవసరం కూడా లేదు. మూలికలు అమ్మే దుకాణాల్లో, పూజా సామగ్రి దుకాణాల్లో గింజలు దొరుకుతాయి. ఊరి పొలాల కంచెల మీద తీగ ఉంటే ఆ రైతును అడిగితే సంతోషంగా ఇస్తాడు.

పన్నెండు గింజలు చాలు. నిగనిగలాడుతూ, ముడత లేకుండా, చిన్న కన్నం కూడా లేనివి ఏరుకోండి. దండ నుంచి తీసినవి, పగిలినవి అసలు ముట్టుకోవద్దు. తెల్ల గింజల రకం కూడా ఉంది, అదీ విషమే. రంగు మారితే గుణం మారుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇంటికి తెచ్చిన వెంటనే గింజలు లెక్కపెట్టి, ఆ అంకె పొట్లం మీద రాయండి. ఈ ఒక్క అలవాటు మీకు అబ్బితే మిగతాదంతా సులువు. ఒకసారి నేను పన్నెండు తెచ్చి, సాయంత్రం విప్పి చూస్తే పదకొండే ఉన్నాయి. గది రెండుసార్లు ఊడ్చి, మంచం జరిపి, చివరికి నా చెప్పు అడుగున గాడిలో ఇరుక్కున్న గింజను పట్టుకునేసరికి రాత్రి తొమ్మిదయింది.

లెక్క సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. ఒకప్పుడు బంగారం తూచింది ఈ గింజతోనే. ఉత్తరాదిన రత్తి అనే తూకం గురివింద ఎత్తే, ఇప్పటి లెక్కలో సుమారు 0.12 గ్రాములు. అలాంటివి 96 అయితే ఒక తులం, అంటే 11.66 గ్రాములు. చేతిలోని పన్నెండు గింజలు ఒకటిన్నర గ్రాము కూడా తూగవన్నమాట. అంత చిన్నది కాబట్టే పోయినా కనబడదు.

గట్టితోలును లొంగదీయడం

గింజను నేరుగా మట్టిలో వేస్తే నెలల తరబడి అలాగే పడి ఉండవచ్చు. నీరు లోపలికి పోనివ్వని తోలు అది. అడవిలో ఎండా వానా తగిలి కాలక్రమంలో ఆ తోలు సడలుతుంది. మనం ఆ పనిని ఒక్క రోజులో చేయించాలి.

ఉప్పుకాగితంతో గరుకుగా రుద్దమని చాలాచోట్ల రాసి ఉంటుంది. తోటపనిలో గట్టి గింజలన్నిటికీ చెప్పే చిట్కా అది. గురివిందకు మాత్రం వద్దంటాను. రుద్దితే రేగే ధూళి గింజ లోపలిది, దాన్ని పీల్చకూడదు. వేడినీళ్ల పద్ధతిలో కొన్ని గింజలు మొలవకపోయినా నష్టం లేదు, అందుకే పన్నెండు తెచ్చుకోమన్నాను.

వంటకు వాడని పాత డబ్బా ఒకటి తీసుకోండి. ఆ తర్వాత కూడా దాన్ని వంటింట్లోకి తేవద్దు. గింజలు అందులో వేయండి. వేరే గిన్నెలో నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, రెండు మూడు నిమిషాలు ఆగి గింజల మీద పోయండి. సలసల మరుగుతున్నప్పుడే పోస్తే లోపలి మొలక ఉడికిపోతుంది. అలాగే ఒక రోజంతా వదిలేయండి. మర్నాటికి కొన్ని గింజలు ఉబ్బి దాదాపు రెట్టింపవుతాయి, వాటి ఎరుపు కాస్త వెలుస్తుంది. అవే విత్తడానికి సిద్ధమైనవి. ఉబ్బనివాటికి మళ్లీ అదే వేడినీళ్ల స్నానం. మూడుసార్లయినా లొంగనివి పక్కన పెట్టేయండి. ఉబ్బిన గింజ తోలు మెత్తబడి ఉంటుంది కాబట్టి ఇక్కడి నుంచి చేతికి తొడుగు తప్పనిసరి. నానిన నీళ్లు ఎవరూ నడవని మూల గోతిలో పోసి మన్ను కప్పండి.

విత్తడం, నాటడం

తొలకరి పడ్డాక, జూన్‌లో విత్తితే వేడీ తేమా రెండూ కలిసొస్తాయి. లోతైన పాలిథీన్ సంచులు తీసుకోండి, వెడల్పాటి ట్రేలు వద్దు. గురివింద మొదటి నుంచీ వేరును కిందికి దింపుతుంది, కదిపితే అలుగుతుంది. ఎర్రమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపి, సంచికి ఒక్క గింజ చొప్పున సెంటీమీటరు లోతున పెట్టండి. మట్టి తడిగా ఉండాలి గానీ బురద కాకూడదు. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. కొన్ని ఇంకా ఆలస్యంగా, ఆశ వదులుకున్నాక వస్తాయి. ఖాళీ సంచిని నెలన్నర దాకా పారేయకండి.

జానెడు ఎత్తు పెరిగి, కొస ఊతకర్ర కోసం వెతుకులాడుతున్నప్పుడు సంచి అడుగు కోసి, మట్టిముద్ద విడకుండా నాటండి. ఒక కంచెకు రెండు తీగలు చాలు.

చోటు విషయంలో అడవినే చూసి నేర్చుకోవాలి. గురివింద అడవి నడిమధ్య చీకట్లో ఉండదు. చెట్ల అంచున, పొదల మీద, దారి పక్కన ఉంటుంది. వేళ్లకు నీడ, తలకు ఎండ దానికి ఇష్టం. పూర్తి నీడలో ఆకు బాగానే వస్తుంది గానీ కాయ కాయదు. నీరు నిలిచే చోట నాటితే వేరు కుళ్లుతుంది.

కాకరకు ఉన్నట్టు పట్టుకొని ఎక్కే నులితీగలు దీనికి ఉండవు. కాండమే దేన్నైనా చుట్టుకుంటూ పైకి పోతుంది. అందుకే లావుపాటి స్తంభం ఇస్తే చేతులు చాలక జారిపోతుంది. సన్నటి ఇనుప జాలీ మంచిది, ఎండిన కంప ఇంకా మంచిది. కంప మీద కాయల గుత్తులు పైకీ పక్కకీ విడివిడిగా వేలాడతాయి, కోసేటప్పుడు చిక్కు పడవు. పచ్చటి మందార మీదికో మామిడి కొమ్మ మీదికో మాత్రం ఎక్కనివ్వకండి. కొన్నేళ్లలో దాన్ని కప్పేసి వెలుతురు అందకుండా చేస్తుంది.

పెరిగే రోజుల్లో

పెద్ద పని లేదు. మొదటి ఏడు వేసవిలో వారానికి రెండుసార్లు నీళ్లు, వేరూనాక వానలే చాలు. చిక్కుడు కుటుంబానికి చెందిన తీగ కాబట్టి వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది. యూరియా వేస్తే ఆకు తెగబలుస్తుంది, కాయ తగ్గుతుంది. ఏడాదికి ఒకసారి గంపెడు పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది. లేత కొసలకు పేనుబంక పడితే నీళ్లను గట్టిగా చిమ్మి కొట్టండి, తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి పిచికారీ చేయండి.

ఆకులను సాయంత్రం పూట గమనించండి. చింతాకులా జంటలు జంటలుగా ఉండే చిన్న రెబ్బలు పొద్దువాలాక కిందికి వాలి ముడుచుకుంటాయి. మబ్బు పట్టినా కాస్త తేడా కనబడుతుంది. 19వ శతాబ్దం చివర్లో వియన్నాకు చెందిన ఒకాయన దీన్ని చూసి ఇది వాతావరణాన్ని ముందే చెప్పే మొక్క అని, భూకంపాలను కూడా పసిగడుతుందని ప్రచారం చేశాడు. లండన్‌లోని క్యూ అనే వృక్షోద్యానంలో దాన్ని పెంచి పరీక్షించి, ఆకులు కదిలేది వెలుతురునూ తేమనూ బట్టే తప్ప జోస్యం ఏమీ లేదని తేల్చారు. ఆకు తియ్యగా ఉంటుందని నమిలేవారున్నారు. గింజ అంత ప్రమాదకరమైన తీగ ఆకును రుచి చూడాలనే కోరిక నాకైతే ఎప్పుడూ కలగలేదు, మీకూ కలగకూడదని కోరుకుంటాను.

మొదటి ఏడు పూతను ఆశించవద్దు. రెండో ఏడు భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో పూలు వస్తాయి. అవి చూసి ‘ఇంతేనా’ అనుకుంటారు. బఠానీ పువ్వు ఆకారంలో, లేత గులాబీకీ ఊదాకూ మధ్య రంగులో, లావుపాటి కాడ మీద ఒత్తుగా ఉంటాయి. దూరానికి కనబడవు కూడా. ఆ సమయంలో కత్తిరింపులు చేయవద్దు, పూలకాడలు తుంచవద్దు. తర్వాత వచ్చే కాయల గుత్తి ఆ కాడ మీదే.

కాయ కోత: అసలు నైపుణ్యం ఇక్కడే

కాయ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుంది. బల్లపరుపుగా ఉండి, కొసన చిన్న ముక్కు ఉంటుంది. మొదట పచ్చగా, పైన సన్నటి నూగుతో కనిపిస్తుంది. కార్తీకం దాటాక పచ్చదనం తగ్గి పసుపు, తర్వాత గోధుమరంగు. ఆ పైన అంచు వెంబడి సన్నటి చీలిక వస్తుంది. ఒక రోజు ఉదయం చూస్తే గుత్తిలో ఒకటో రెండో కాయలు నోరు తెరిచి ఉంటాయి. మిగతావి గోధుమరంగులో ఉండి ఇంకా మూసుకొనే ఉంటాయి. సరిగ్గా అప్పుడు కోయాలి.

నా మొదటి కాపును నేను పచ్చిగానే కోశాను. ఇంట్లో ఎండి విచ్చుకుంటాయనుకున్నాను. కాయలు విచ్చుకోలేదు, తోలుముక్కల్లా ముడుచుకుపోయాయి. ఒకటి జాగ్రత్తగా విప్పి చూస్తే లోపల రంగు పట్టని గింజలు చదునుగా నొక్కుకుపోయి ఉన్నాయి. రెండో కాపుకు భయపడి మరీ ఆలస్యం చేశాను. ఫాల్గుణానికి కాయ పలకలు ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగాయి, గాలివాన ఒకటి వచ్చి సగం గింజలను నేల మీద చల్లేసింది. మూడో ఏడాది పుష్యమాసమంతా ప్రతి ఉదయం కంచె దగ్గరికి వెళ్లి చూశాను. గుత్తులన్నీ ఒకే రోజు సిద్ధం కావు, రోజుకు ఒకటి రెండు చొప్పున మూడు నాలుగు వారాలు కోయాల్సి వస్తుంది. ఈ పనిని ఒక్క ఆదివారంలో ముగించాలనుకునేవారికి గురివింద కుదరదు.

కోసే రోజు మంచు ఆరాక, ఎండ ముదరక ముందు వెళ్లండి. చేతి తొడుగులు వేసుకోండి. తీగ కింద తెల్లటి పాత పంచె పరచండి, రాలిన ఎర్ర గింజ దాని మీద ఇట్టే కనబడుతుంది. గుత్తికి పైన కనీసం అడుగు పొడవు కాండం ఉండేలా పదునైన కత్తెరతో కోయండి. లాగవద్దు, లాగితే తీగంతా ఊగి విచ్చిన కాయల్లోని గింజలు జారతాయి. కోసిన కొమ్మ మీద ఆకులన్నీ అక్కడే తీసేయండి. ఎండాక అవి ఒక్కొక్క రెబ్బగా రాలి గదంతా చెత్త చేస్తాయి, పైగా కాయల అందాన్ని కప్పేస్తాయి. పంచె మీద పడ్డ గింజలను ఏరి సీసాలో వేసుకొని, నేల మీద కూడా ఒకసారి చూసి రండి.

కొమ్మలను నాలుగైదు చొప్పున కట్టి, తాళం వేయగల గదిలో, నీడన, గాలి ఆడేచోట తలకిందులుగా వేలాడదీయండి. తలకిందులుగా కట్టడం కాండం వంకర తిరగకుండా ఉండటానికి. వారం పది రోజుల్లో మూసుకున్న కాయలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. పలకలు బయటికి మెలితిరిగి, లోపలి లేతరంగు గోడ మీద ఎర్ర గింజలు వరుసగా తేలతాయి. కింద మళ్లీ అదే పంచె.

గింజ కాయను గట్టిగానే పట్టుకొని ఉంటుంది. పండి విచ్చాక కూడా వెంటనే రాల్చకుండా అలా చూపిస్తూ ఉండటం ఆ తీగ ఎత్తుగడ. ఎర్రగా మెరిసే గింజను కండ ఉన్న పండు అనుకొని మోసపోయిన పక్షి మింగి, ఎక్కడో దూరంగా విసర్జిస్తుందని వృక్షశాస్త్రవేత్తల భావన. అయితే ఎంత గట్టి పట్టయినా ఎండేకొద్దీ సడలుతుంది. ఇంట్లో పెట్టదలచిన కొమ్మకు అది చాలదు. చీపురుపుల్ల కొసన తెల్ల జిగురు తీసుకొని, గింజ కాయకు ఆనే చోట, ఆ నల్లమచ్చ వైపున, ఒక్క చుక్క అద్దండి. ఆరాక జిగురు పారదర్శకమవుతుంది, నలుపు పక్కన అసలు కనబడదు. ఒక గుత్తికి అరగంట పడుతుంది. విసుగనిపించి డబ్బాలో దొరికే వార్నిష్ పొగలా కొట్టి చూశాను, అది పలకల సహజమైన మెరుపులేని రంగును చెడగొట్టి ప్లాస్టిక్ పువ్వులా చేసింది. మళ్లీ చీపురుపుల్లకే వచ్చాను.

ఇంట్లో పెట్టడం

నా సలహా గాజు తలుపున్న పెట్టె. లోతున్న ఫోటో ఫ్రేము అయినా సరే. వెనక ముదురు నీలం గుడ్డో, సున్నం వేసిన తెల్లటి అట్టో పెట్టి, ఒకే ఒక కొమ్మను అడ్డంగా బిగించండి. జిగురు ఊడి గింజ రాలినా పెట్టె అడుగునే పడుతుంది. రెండు మూడు కొమ్మలు కలిపితే గుబురుగా మారి ఒక్క కాయ కూడా కనబడదు.

కుండీలో పెట్టాలనే ఉంటే సన్నటి మూతి ఇత్తడి చెంబు బాగుంటుంది. అడుగున ఇసుక పోస్తే ఒరగదు. పక్కన ఆశ్వయుజంలో కోసి దాచిన రెల్లు పూలు నాలుగు ఉంటే ఆ తెలుపు దగ్గర ఈ ఎరుపు తేలుతుంది. ఇలా తెరిచి పెట్టిన చెంబును వచ్చేపోయేవారికి చేయి అందే చోట పెట్టవద్దు. భోజనాల బల్ల దగ్గర, పిల్లల గదిలో అసలు వద్దు. చుట్టపు పిల్లలు వచ్చే పండగ రోజుల్లో చెంబును తీసి బీరువాలో దాచడం నాకు అలవాటు. నేరుగా ఎండ తగలకుండా, గోడ చెమ్మ అంటకుండా చూస్తే రెండేళ్ల దాకా చూడముచ్చటగా ఉంటుంది. దుమ్మును మెత్తటి కుంచెతో దులపండి, తడిగుడ్డ వాడవద్దు.

కోత అయ్యాక

మాఘం చివర్లో కంచె మీద మిగిలిన కాయలన్నీ తీసేయండి. వాటిని పశువుల ఎరువు కుప్పలో వేయవద్దు. మందపాటి సంచిలో వేసి గట్టిగా మూతి కట్టి చెత్తకు పంపండి. తర్వాత తీగను మోకాలి ఎత్తుకు నరికేయండి. తొలకరికి మొదలు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి, కాపు కింది ఎత్తులోనే ఉండి కోయడం తేలికవుతుంది. నరకకపోతే నాలుగేళ్లకు మీ కంచె మీద తీగ ఉండదు, తీగ కింద మీ కంచె ఉంటుంది.

వానల్లో కంచె కింద మొలకలు కనబడితే పీకేయండి. మనదేశంలో ఇది పుట్టుక నుంచీ ఉన్న తీగ, ఇక్కడి అడవి దాన్ని అదుపులో పెట్టుకుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడా, హవాయి వంటి చోట్ల మాత్రం స్థానిక మొక్కలను అణిచేసే తీగల జాబితాకు ఎక్కింది. అలాంటి చోట ఉన్నవారు గింజలు తీసుకెళ్లి నాటవద్దు.

వచ్చే ఏడాది కోసం అందమైన రెండు కాయల గింజలు చాలు. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో వేసి, మీద చీటీ అంటించండి. చీటీ మీద మూడు రాయాలి: ‘గురివింద, విషం’, కోసిన నెల, లోపలి గింజల అంకె. నా సీసా మీద ఇప్పుడు తొమ్మిది అని ఉంది.